పాలమ్మ ముఖం

పాతమొగలో కాలు పెట్టిన మొదటిరోజే సువర్చల ఆ నడకను చూసింది.

నది సముద్రంలో కలిసే చోట ఇసకదిబ్బ మీద ఉన్న చిన్న ఊరది. నూట నలభై గడపలుంటాయి. అందరూ వేటకు వెళ్ళే కుటుంబాలే. ఆమె జీపు దిగేసరికి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న వాళ్ళలోంచి ఒకతను లేచి ఎదురొచ్చాడు. ముప్పై మూడు ముప్పై నాలుగేళ్ళుంటాయి. తెడ్డు పట్టి పట్టి గట్టిపడిన భుజాలు, కండలు తేలిన చేతులు. నడుము కింద మాత్రం అతను కాదు, వేరే మనిషెవరో నడుస్తున్నట్టుంది. మోకాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. పాదాలు పైకి లేవడం లేదు. బొటనవేళ్ళు నేలను గీకుతున్నాయి. అతను నడిచొచ్చిన దారి పొడుగునా ఇసకలో రెండు సన్నని గీతలు పడ్డాయి.

అతని పేరు గరికిన ఎల్లాజి. "సామాన్లు నాను పట్టుకొస్తాను డాకటరమ్మా" అని ఐసుపెట్టె అందుకోబోయాడు. సువర్చల డాక్టరు కాదు, వైరస్‌ల మీద పనిచేసే పరిశోధకురాలు. ఆ మాట చెప్పబోయి ఊరుకుంది. అప్పుడే బిందె చంకన పెట్టుకుని ఒక ఆడమనిషి పక్కనుంచి వెళ్ళింది. ఆమె వెనకా అవే గీతలు. సందు మలుపు తిరిగితే, తుడిచిన వాకిళ్ళ ముందు ఎన్నో జంట గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయి ఉన్నాయి.

"మీ కాళ్ళకి ఏమైంది ఎల్లాజీ?"

అతను సిగ్గుపడుతూ నవ్వాడు. "పాలమ్మ పట్టుకున్నాది. చిన్నప్పుడు పాలిచ్చినాది గదమ్మా. ముప్పై దాటినాక కాళ్ళు అడుగుతాది."

ఆ కథ ఊళ్ళో అందరికీ తెలుసు. ముప్పై మూడేళ్ళ కిందట వచ్చిన తుపానులో సముద్రం ఊరి మీదికి వచ్చేసింది. మిట్ట మీదున్న బడి ఒక్కటే మిగిలింది. బతికినవాళ్ళు అందులో తలదాచుకున్నారు. చంటిపిల్లల తల్లులు కొందరు కొట్టుకుపోయారు, మిగిలినవాళ్ళకు భయంతో, ఆకలితో పాలు ఇంకిపోయాయి. మూడోరోజు వానలోంచి, జుట్టు విరబోసుకున్న ఒక ఆడమనిషి నడిచొచ్చింది. ఏడుస్తున్న పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఒళ్ళోకి తీసుకుంది. మూడు నెలలపాటు ఆ బడి వరండాలోనే కూర్చుని పాలిచ్చింది. ఒక తెల్లవారుజామున చూస్తే లేదు. ఆమే పాలమ్మ. బడి పక్కన ఆమె పేరుతో ఒక రాయి నిలబెట్టారు. పసుపు పూస్తారు, చీర చుడతారు. రాయికి ముఖం మాత్రం ఉండదు.

ఏటా తుపాను వచ్చిన తిథినాడు, పాలమ్మ పాలు తాగి బతికిన ఆడవాళ్ళు ఆ రాయి ముందు వరసగా కూర్చుంటారు. ఊళ్ళో చంటిపిల్లలందర్నీ వాళ్ళ ఒళ్ళో వేస్తారు. ఎవరి బిడ్డకు ఎవరైనా పాలివ్వొచ్చు. ఆ రోజు ఆ పాలు పడ్డ బిడ్డకు నీటిగండం ఉండదని నమ్మకం.

ఇంకా నలభై రోజులుంది ఆ తిథికి.

*

విశాఖపట్నంలో, సువర్చల పనిచేసే ప్రయోగశాలలో ఒక యంత్రం ఉంది. దానికి ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఆదిశేషు పెట్టిన పేరు వెనుచూపు. పద్నాలుగేళ్ళు దాని మీదే కూర్చున్నాడాయన. పెళ్ళి చేసుకోలేదు, సెలవు పెట్టలేదు.

వాళ్ళు వెతుకుతున్న వైరస్ హెచ్‌టీఎల్‌వీ. హెచ్‌ఐవీకి దూరపు చుట్టం. తల్లిపాల నుంచి, రక్తం నుంచి, దాంపత్యం నుంచి ఒంట్లోకి వస్తుంది. వచ్చాక జన్మంతా పోదు. చాలామందిని ఏమీ చేయదు. కొందరికి మాత్రం పాతిక ముప్పై ఏళ్ళు నిద్రపోయి లేచి, వెన్నుపామును కొరకడం మొదలుపెడుతుంది. మందు లేదు. అది ఉందో లేదో చూడమని అడిగేవాళ్ళు కూడా లేరు. పాతమొగ నుంచి నలుగురు ఒకే రకమైన కాళ్ళతో పట్నం ఆసుపత్రికి రావడం వల్ల ఒక నరాల డాక్టరుకు అనుమానం కలిగింది. అంతే.

మొదటివారం తెచ్చిన రక్తాల్లో పావని అనే అయిదేళ్ళ పిల్లది ఒకటి. అందులో వైరస్ ఉంది.

"ఉంది అని చెప్పడం ఎవరైనా చేస్తారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడు" అన్నాడు ఆదిశేషు.

తెర మీద బూడిదరంగు మరక కదిలింది. మెల్లగా దానికి దవడ ఏర్పడింది. వెడల్పాటి నుదురు, చిన్న ముక్కు. మంచు పట్టిన అద్దం వెనక ఎవరో నిలబడి ఉన్నట్టుంది. సువర్చల గుర్తుపట్టింది. ఆ పిల్ల తల్లి మైలపల్లి దేవుడమ్మ. ముందురోజు ఆమెతోనే గంటసేపు మాట్లాడింది.

"ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోయేటప్పుడు ఇది ఆ మనిషి జన్యువుల్లోంచి పీచు ఒకటి తెంపుకుపోతుంది" అన్నాడాయన. "ఇల్లు ఖాళీ చేసేవాడి మూటలో వెనకటి ఇంటి మేకు ఒకటి పడిపోయినట్టు. ఒకరి రక్తంలో దొరికేవి కొన్నే పీచులు. ఒకే మనిషి నుంచి పదిమందికి వచ్చి ఉంటే, పదిమందిలోనూ వేరువేరు పీచులు దొరుకుతాయి. అన్నీ కలిపి అల్లితే అసలు మనిషి వస్తుంది."

పాలమ్మ పాలు తాగినవాళ్ళలో ఊళ్ళో ఉన్నవాళ్ళు పందొమ్మిది మంది. అందరి రక్తాలూ తెచ్చారు. అందరిలోనూ వైరస్ ఉంది. ఒక్కొక్క రక్తం చదివినకొద్దీ తెర మీద రెండో ముఖం ఒకటి మొదలైంది. దేవుడమ్మది కాదు, ఎల్లాజిది కాదు. నాలుగో రక్తానికి చెంపలు వచ్చాయి. తొమ్మిదో దానికి కింది పెదవి. పన్నెండో దానికి మెడ పొడుగు తెలిసింది. యంత్రం ప్రతి ముఖాన్నీ కళ్ళు మూసే గీస్తుంది. కంటిపాపకు సంబంధించిన పీచు దొరికేదాకా రెప్పలు అలాగే ఉంచాలని ఆదిశేషు దానికి నియమం పెట్టాడు.

పదిహేడో రక్తాన్ని యంత్రం పొద్దున్న పదకొండు గంటలకు చదివింది. సువర్చల టీ కప్పు పట్టుకుని తెర ముందు నిలబడి ఉంది. కిటికీలోంచి ఎండ, కింద రోడ్డు మీద బస్సుల మోత. అప్పుడు ఆ ముఖం కళ్ళు తెరిచింది.

నల్లటి కళ్ళు. కొంచెం లోతుగా ఉన్నాయి. వాటిలో ఏ భావమూ ఉండటానికి వీల్లేదు, యంత్రం భావాలు గీయలేదు. ఆ సంగతి సువర్చలకు తెలుసు. అయినా ఆ చూపు తన ముఖం మీద ఆగి, అక్కణ్ణుంచి కిందికి, ఏదో వెతుక్కుంటూ పోయినట్టనిపించింది. ఆమెకు ఇంట్లో ఏడు నెలల కూతురుంది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. కప్పు బల్ల మీద పెట్టేసి, గుండెల మీద చేతులు కట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుంది.

"భయపడ్డావా?" అన్నాడు ఆదిశేషు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

*

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక కూతురు మేధ చేతులు చాచింది. సువర్చల ఎత్తుకుంది కానీ పాలివ్వలేదు. "డబ్బా పాలు కలుపు" అంది భర్త శ్రీకర్‌తో.

"ఏమైంది? జ్వరమా?"

"నా రక్తం కూడా చూసేదాకా ఇవ్వను."

ఆమెకు వైరస్ ఉండటానికి ఏ కారణమూ లేదు. శ్రీకర్ ఆ మాటే అన్నాడు. ఆమె వినలేదు. మూడు రోజులు మేధ సీసా నోట్లో పెట్టనివ్వలేదు. తల విసిరికొట్టింది, తల్లి జాకెట్టు పట్టుకుని లాగింది, గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. సువర్చలకు రొమ్ములు గడ్డకట్టి చలిజ్వరం వచ్చింది. స్నానాలగదిలో నిలబడి పాలు పిండి పారబోస్తుంటే, బయట బిడ్డ ఏడుపు వినపడుతుంటే, పాతమొగ ఆడవాళ్ళను తను ఏం చేయమని అడగబోతోందో అప్పుడు ఒంటికి తెలిసింది.

నాలుగోరోజు వెనుచూపు ఆమె రక్తాన్ని చదివింది. తెర మీద ఏమీ రాలేదు. ఖాళీ తెర ముందు చాలాసేపు కూర్చుంది. తరువాత ఇంటికి ఫోన్ చేసి, "సీసా పెట్టొద్దు, వస్తున్నాను" అంది.

*

దేవుడమ్మకు నెలలు నిండుతున్నాయి. పావని తరువాత ఇది రెండో కాన్పు. కాళ్ళు ఈమధ్యే బిగుసుకోవడం మొదలైంది. అరుగు మీద కూర్చుని, సువర్చల చెప్పిందంతా ఓపిగ్గా వింది. వైరస్, పాలు, పావని రక్తం, పుట్టబోయే బిడ్డ.

"పావనికి నాను మూడేళ్ళు పాలిచ్చినాను" అంది చివరికి. "నానే ఇచ్చినానంటావా ఆ పురుగు?"

"మీకు తెలీదు కదమ్మా."

"ఇప్పుడు తెలిసినాది. అయితే ఏటి? పాలమ్మ పాలు నేకపోతే నాను ఆ బడిలోనే సచ్చిపోదును. అలాంటి దాన్ని, నా బిడ్డకి రొమ్ము ఇవ్వకుండా ఏడిపించమంటావా? ఆ తల్లి ఊరుకుంటాదా?" గొంతు తగ్గించి అంది. "నువ్వు ఆయమ్మని సూసినావంట గదా మిషన్లోన. ఎలగుంటాది?"

సువర్చల ఐసుపెట్టె మూత బిగించి లేచింది.

ఊళ్ళో ఆ మాట ఎలా పాకిందో తెలీదు. మర్నాటి నుంచి జీపు చుట్టూ జనం. రక్తాల్లోంచి పాలమ్మ ముఖం వచ్చిందట, కళ్ళు తెరిచిందట, ఆ ఫొటో ఇస్తే రాయి మీద చెక్కించుకుంటాం అని. అవతల ఆదిశేషు ఆ ముఖాన్నే పేపర్లకు ఇవ్వాలని సిద్ధమయ్యాడు. ఒక ఊరి జబ్బుకు మూలమైన మనిషిని రక్తంలోంచి గీసి చూపించడం ప్రపంచంలో ఇదే మొదటిసారి అన్నాడు.

"ఆమె అనుమతి?" అంది సువర్చల.

"వైరస్‌కి అనుమతేమిటి?"

"అది వైరస్ ముఖం కాదు సార్. మనిషిది. ఇవాళ మనం ఫొటో ఇస్తే సగం మంది దండం పెడతారు, సగం మంది ఉమ్మేస్తారు. ఆమె ఎక్కడో బతికే ఉంటే?"

ఆయన తెర ఆపేశాడు. "పది రోజులు ఆగుతాను. వెతుకు" అన్నాడు.

*

సువర్చల ఫొటోను కవరులో పెట్టుకుని పోలమ్మ దగ్గరికి వెళ్ళింది. డెబ్బై అయిదేళ్ళ పోలమ్మ తుపాను రోజుల్లో ఆ బడిలో అందరి బాగోగులూ చూసిన పెద్దల్లో మిగిలిన ఒక్కతే. ఇసకలో ఎండకు పరిచిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తోంది.

ఫొటో చూడగానే ఆమె చేయి ఆగిపోయింది. చుట్టూ చూసి, కొంగుతో ఫొటో కప్పేసింది.

"ఇది నీకెక్కడ దొరికినాది?"

"మీ పిల్లల రక్తంలో."

పోలమ్మ కూలబడింది. సువర్చల పక్కనే ఇసకలో కూర్చుంది.

"అమ్మోరు కాదమ్మా ఇది" అంది ముసలామె. "తవుడమ్మ. కొండకింద ఊళ్ళోది. ఉప్పుమళ్ళలో కూలికి వచ్చినాది. నీళ్ళు వచ్చినప్పుడు దాని గుంటడు సేతిలోంచి జారిపోనాడు. మూడు నెలల గుంటడు. రొమ్ములు రాళ్ళయిపోయి, నొప్పికి మూలుగుతా బడికి వచ్చినాది. మా గుంటలు ఏడుస్తంటే ఎత్తుకున్నాది. వాళ్ళు తాగుతున్నంతసేపూ దాని కులం ఎవలూ అడగనేదు. నీళ్ళు తీసినాక అడిగినారు."

"ఎవరు?"

"పెద్దలు. మొగోళ్ళు. దాని పాలు తాగినారని తెలిస్తే ఈ గుంటలకి రేపు పెళ్ళిళ్ళు ఎలగవుతాయి అనీసి కూకున్నారు. అమ్మోరు వచ్చినాది, పని అయినాక ఎల్లిపోనాది అని సెబుదాం అన్నారు. తెల్లారకముందే నానూ ఇంకో ఇద్దరం దాన్ని రేవు దాటించీసినాం. పిల్లల్ని ఒక్కసారి సూసుకుంటానని ఏడిసినాది. సూడనీనేదు."

గాలికి నెత్తళ్ళ వాసన గుప్పుమంది. పోలమ్మ ఫొటో మీంచి కొంగు తీసి, మళ్ళీ ఆ కళ్ళకేసి చూడలేక కప్పేసింది.

"రాయికి ముఖం పెడదామని కుర్రోళ్ళు శానాసార్లు అన్నారు. నానే వద్దన్నాను. కళ్ళుంటే సూస్తాది గదమ్మా."

*

కొండకింద ఊళ్ళో తవుడమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. "కాళ్ళు లేని తవుడమ్మా?" అని చూపించారు. కాళ్ళున్నాయి. గోనెపట్టా మీద, రెండు కట్టెల్లా ముందుకు చాచి ఉన్నాయి. ఆమె చీపుళ్ళు కడుతోంది. అరవై దాటిన మనిషి. తెర మీది ముఖాన్ని ఎవరో అరచేత్తో నలిపి వదిలేసినట్టుంది. కళ్ళు మాత్రం అవే. తను పుట్టించిన బొమ్మ ఒకటి తనకంటే ముందే ఇక్కడికి వచ్చి, ముసలిదై, తన కోసం కూర్చున్నట్టు సువర్చలకు అనిపించింది.

పాతమొగ పేరు వినగానే తవుడమ్మ చేతిలోని పుల్లలు కింద పెట్టింది.

"ఆ గుంటలు బతికినారా?"

"బతికారమ్మా. పెద్దవాళ్ళయ్యారు. పెళ్ళిళ్ళయ్యాయి. పిల్లలు కూడా ఉన్నారు."

తవుడమ్మ నవ్వింది. నోట్లో మూడు పళ్ళున్నాయి. అంత నవ్వు చూశాక మిగతాది చెప్పడం సువర్చలకు చాలా కష్టమైంది. అయినా చెప్పింది. ఆ కాళ్ళ గురించి, పాల గురించి, దేవుడమ్మ కడుపులో బిడ్డ గురించి. తవుడమ్మ తన కాళ్ళను చేత్తో తడుముకుంది.

"ఇలగేనా వాళ్ళకీ?"

"కొందరికి."

తవుడమ్మ మళ్ళీ పుల్లలు చేతిలోకి తీసుకుంది. ఇంటి వెనక కోళ్ళు గీరుకుంటున్న చప్పుడు. తరువాత మెల్లగా అంది. "మా అమ్మకి నాకు ముందు నలుగురు పోనారు. అందుకని నన్ను పుట్టగానే సేటలో ఏసి, సావు కన్ను పడకుండా ఇరుగుపొరుగు తల్లులు తవుడు పోసి కొన్నారు. ముగ్గురు తల్లుల పాలు తాగినాను నాను. అందులో ఎవలిచ్చినారో."

"కొంచెం రక్తం ఇస్తే మా యంత్రం చెబుతుందమ్మా."

"వద్దు." ఆ గొంతు గట్టిగా వచ్చింది. "వాళ్ళు నన్ను బతికించినారు. సచ్చినోళ్ళని లేపి, నువ్వే ఇచ్చినావా అని అడగమంటావా? ఆ ముఖం నీకొద్దు, నాకొద్దు."

సువర్చల తల దించుకుంది. యంత్రం చేయగలిగిన పనిని ఒకరు వద్దనడం ఆమె వినడం అదే మొదలు.

"నన్ను ఆ ఊరు పట్టుకెల్లు" అంది తవుడమ్మ. "ఆ పిల్లకి పురుడు రాకముందే."

*

తవుడమ్మకు ఒంట్లో బాగులేక ఆలస్యమైంది. వాళ్ళు వెళ్ళేసరికి తిథి రానే వచ్చింది. దేవుడమ్మ ప్రసవించి నాలుగు రోజులైంది. ఆడపిల్ల. ఆ నాలుగు రోజులూ బిడ్డను ఆసుపత్రిలో ఉంచి, నర్సులు డబ్బా పాలు పట్టారు. ఆ పొద్దున్నే దేవుడమ్మ ఎవరి మాటా వినకుండా బిడ్డతో ఊరికి వచ్చేసింది, రాయి ముందు మొదటి పాలు ఇస్తానని.

ఎండ నెత్తి మీద ఉంది. రాయి ముందు ఎనిమిది మంది ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని వరసగా కూర్చున్నారు. ఒకే రకంగా బిగుసుకున్న కాళ్ళు, ఒకే వైపు తిరిగిన పాదాలు. చుట్టూ చంటిపిల్లల ఏడుపులు. ఆటో వచ్చి ఆగింది. తవుడమ్మను దింపుదామని సువర్చల చేయి వేయబోతే ఆమె వద్దంది. రెండు చేతులూ నేలకు ఆనించి, ఒంటిని లాక్కుంటూ, ఇసక మీద పాకుతూ వచ్చింది. వెనక రెండు గీతలు పడ్డాయి. ఎల్లాజి వెనక పడేవాటికంటే లోతైనవి.

జనమంతా ఆ గీతలకేసి చూశారు. ఆ ఎనిమిది మందీ తమ కాళ్ళకేసి చూసుకున్నారు.

పోలమ్మ రాయికి ముందు నిలబడి, ముప్పై మూడేళ్ళ కిందటి సంగతంతా చెప్పేసింది. ఎక్కడా ఆగలేదు. చెప్పడం అయ్యాక ఎవరో తిట్టారు, ఎవరో ఏడ్చారు. ఎల్లాజి కర్ర తీసుకుని ముందుకొచ్చాడు.

"నా కాళ్ళు తీసుకున్నది నువ్వేనా?"

"నానే బాబూ."

అతను కర్ర బిగించి పట్టుకున్నాడు. కొడతాడేమోనని సువర్చల అడ్డం వెళ్ళబోయింది. తవుడమ్మ తల ఎత్తి అతని ముఖంలోకి చూస్తోంది.

"ఆకలేసి ఏడిసినావు. నా కాడ పాలున్నాయి. అంతకుమించి నాకేటి తెలుసు?" అంది. "ఎవల గుంటడివి నువ్వు? గరికిన కొర్లమ్మ కొడుకువా? కుడి సెవి ఎనకాల పులిపిరి ఉండాల."

ఎల్లాజి అప్రయత్నంగా చెవి వెనక తడుముకున్నాడు. కర్ర జారవిడిచి, ఆమె పక్కన ఇసకలో కూలబడి, పెద్ద మగాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దేవుడమ్మ మాత్రం కదల్లేదు. ఒళ్ళో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె జాకెట్టు తడిసిపోయింది.

"నువ్వు ఇవ్వబట్టి నాను బతికినాను" అంది తవుడమ్మతో. "నాను మాత్రం ఇవ్వకూడదంట. ఏ మాట ఇనాల నాను? సెప్పు."

"ఆ రోజు నా పాలు తప్ప ఏటీ నేదే తల్లీ. పాలు కలపడానికి మంచినీళ్ళు కూడా నేవు. ఇయాల డబ్బా ఉంది, గిన్నె ఉంది. ఇన్ని ఉండగా ఈ కాళ్ళు దానికెందుకే?"

దేవుడమ్మ బిడ్డ ముఖంలోకి చాలాసేపు చూసింది. తరువాత బిడ్డను అత్తగారి చేతుల్లో పెట్టి, అటు తిరిగి, బడి గోడకు నుదురు ఆనించి నిలబడింది. వెనక ఉగ్గుగిన్నెతో బిడ్డ నోట్లో పాలు పోస్తున్న చప్పుడు. ఏడుపు ఆగింది. గోడ దగ్గర దేవుడమ్మ పాలు కారి పాదాల దగ్గర ఇసక తడిసింది. ఆమె కదల్లేదు.

ఆ వరసలో మిగతా ఏడుగురూ ఒక్కొక్కరే జాకెట్టు సర్దుకుని లేచారు.

*

ఆదిశేషు ఆ ముఖాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఆయన వ్యాసం వచ్చింది కానీ, ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఒకటి వదిలేశాడు. అది చూసి కొందరు శాస్త్రజ్ఞులు ఆయన్ను నమ్మలేదు. పట్టించుకోలేదాయన. పాతమొగ తరువాత చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళలో గర్భిణులందరికీ పరీక్ష మొదలైంది.

ఎల్లాజి వేట మానేయాల్సి వచ్చింది. పావనిని ఏడాదికోసారి చూస్తున్నారు. ఇప్పటికి పరుగెడుతోంది. తవుడమ్మను ఊరు వెనక్కి పంపలేదు. దేవుడమ్మ ఇంటి అరుగు మీదే ఉంచుకున్నారు. దండం పెట్టేవాళ్ళు కొందరు, తల తిప్పుకుని పోయేవాళ్ళు కొందరు. రాయికి చీర చుట్టడం మాత్రం మానేశారు.

పద్దెనిమిది నెలలు నిండాక దేవుడమ్మ చిన్నకూతురి రక్తం పరీక్షించారు. ఆ కబురు తనే స్వయంగా చెప్పాలని సువర్చల పాతమొగ వెళ్ళింది. సంజ ఎండలో అరుగు మీద తవుడమ్మ చీపురు కడుతోంది. చంటిది ఆమె బిగుసుకున్న కాళ్ళ మీదికి ఎక్కుతూ దిగుతూ ఆడుకుంటోంది. గుమ్మంలో నిలబడ్డ దేవుడమ్మ సువర్చల ముఖం చూసే అర్థం చేసుకుంది. మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, తలుపు వెనక నిలబడి ఏడ్చింది.

"ఏటి తల్లీ, నేదా దీనికి?" అంది తవుడమ్మ.

"లేదమ్మా. ఏమీ లేదు." సువర్చల ఆమె పక్కన కూర్చుంది. ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలికైనట్టుంది. "మీ పాలు తాగిన పందొమ్మిది మందినీ, వాళ్ళ పిల్లల్నీ అందర్నీ చూశాం. ఎవరికుందో తెలుసు, ఎవరికి లేదో తెలుసు. ఇంక ఇక్కడితో ఆగినట్టే."

తవుడమ్మ చేతిలోని పుల్లలు ఆపింది.

"పందొమ్మిది ఏటి? ఇరవై గదా."

"పందొమ్మిదేనమ్మా. ఊళ్ళో అందర్నీ అడిగాం."

"ఊళ్ళో ఉంటే గదా. ఓ ఆడగుంట ఉండీది. ఎర్రగా, బొద్దుగా. దాని అమ్మా అయ్యా ఇద్దరూ పోనారు. అన్నిట్లోకీ అదే ఎక్కువ తాగీది, రొమ్ము వదిలీది కాదు. సర్కారు సాయం బియ్యం లారీలు వచ్చినప్పుడు, పిల్లలు నేనోళ్ళెవరో పెంచుకుంటామని పట్టుకెల్లిపోనారు."

సువర్చల ముందుకు వంగింది. "ఎక్కడికి?"

"ఎవలికి తెలుసు? పెద్ద ఊరు అన్నారు."

ముప్పై నాలుగున్నరేళ్ళు. ఎక్కడో ఒక పెద్ద ఊళ్ళో, ఒక ఆడమనిషి. తను ఎవరో, ఎవరి పాలు తాగిందో తెలీని మనిషి. ఆమెకు పిల్లలుండి ఉంటారు. రక్తదానాలు చేసి ఉంటుంది. బహుశా ఈ క్షణాన ఏ బిడ్డనో ఒళ్ళో వేసుకుని ఉంటుంది.

"ఆమె బతికుందో లేదో కూడా..." అంది సువర్చల, తనలో తను.

తవుడమ్మ చంటిదాన్ని రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ లోతైన నల్లటి కళ్ళు సంతోషంతో మెరిశాయి.

"అనుమానమేటి తల్లీ? బతికే ఉంటాది. నా పాలు తాగినాది."